బాల్కొండలో పచ్చ లైటు

“డాంగిల్ల పచ్చ లైటు కొడ్తుంది గని నెట్ అస్తలేదుర” అన్నాడు బాపు ఫోన్‌లో. 2024 డిసెంబరు చివరి వారం అది. నేను హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి గదికి పోతున్నా. మా ఇంట్లో కరెంటుతో నడిచే ఏ వస్తువు ఆగినా ఫోన్ నాకే వస్తుంది. ఇంజినీరింగ్ చదివినోడు మిక్సీ కూడా బాగుచెయ్యగలడని అమ్మ నమ్మకం.

పచ్చ అనగానే నా బుర్రలో పసుపు రంగే మెదిలింది. మాది బాల్కొండ. ఆర్మూర్ దాటి నిర్మల్ పోయే తొవ్వలో, పసుపు పండే ఊళ్ల నడుమ ఉంటుంది. మా దగ్గర పచ్చ అంటే ముందు గుర్తొచ్చేది కల్లంలో ఆరబోసిన కొమ్ములే. మా డాంగిల్‌కు పసుపు రంగు లైటే లేదు. వెలిగితే ఆకుపచ్చ, లేకపోతే నీలం. కానీ కంప్యూటర్ కాసేపు వాడకపోతే మానిటర్ మూలన ఒక పసుపుపచ్చ లైటు మిణుకుతుంది. వీళ్లు మానిటర్ లైటు చూసి డాంగిల్ అంటున్నారని నేనే తీర్పు చెప్పేసుకున్నా. “కీబోర్డు మీద ఏదో ఒక బటన్ ఒత్తు బాపూ, కంప్యూటర్ పండుకుంది” అని ఫోన్ పెట్టేశా.

అట్లా మూడు శుక్రవారాలు పోయాయి.

శుక్రవారాల సంగతి చెప్పాలి. మా అన్న సౌదీలో, రియాద్‌లో పనిచేస్తాడు. ఆర్మూర్, బాల్కొండ దిక్కు ఏ వాడకు పోయినా గల్ఫ్‌కు పోయినోళ్ల ఇల్లు ఒకటన్నా కనబడుతుంది. అన్నకు సెలవు శుక్రవారమే. 2017 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు ఎత్తేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం అంటే స్కైప్. వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అక్కడ జుమ్మా నమాజు అయిపోయి, తోటివాళ్లు భోజనాలు చేసే ఒంటిగంట వేళకు ఇక్కడ మూడున్నర. ఆ టైముకు అమ్మ చీర మార్చుకుని, కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఇంకా డెస్క్‌టాప్ ఏంది, ఫోన్ లేదా అని మీరు అడగొచ్చు. బాపుది బటన్ ఫోను. అమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది. చిన్న తెర మీద కొడుకు మొకం మసకగా కనబడుతుందని ఆమె బాధ. పక్కింటి పిల్లగాడి ఫోన్‌లో మాట్లాడొచ్చు కదా అంటే, “వాళ్లింట్ల కూసోని మనింటి ముచ్చట ఎట్ల చెప్తం?” అంది. అందుకే నేను 2014లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న కంప్యూటర్, అదే ఏడాది కొన్న తెల్ల డాంగిల్, రెండూ మా ముందరింట్లో ఇప్పటికీ డ్యూటీలో ఉన్నాయి. డాంగిల్ మీద కంపెనీ పేరు అరిగిపోయి ఏ అక్షరమూ కనబడదు.

మూడో శుక్రవారం రాత్రి అమ్మే ఫోన్ చేసింది. “అన్న గొంతు వేరే తీరుగున్నది బిడ్డా. బాగున్న అంటున్నడు. నాకు వాని మొకం సూడాలె.” పండుగకు ఎట్లాగూ రావాలి. ఆదివారం జేబీఎస్‌లో నిర్మల్ బస్సు ఎక్కాను.

హైదరాబాద్ నుంచి బాల్కొండ రెండు వందల కిలోమీటర్ల లోపే. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి దాటాక ఇందల్వాయి దగ్గర అడవి వస్తుంది. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు గానీ మా పెద్దవాళ్లకు ఇది ఇంకా ఏడో నంబరు రోడ్డే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే దారి మా ఊరి పక్క నుంచే పోతుందని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆర్మూర్ రాగానే ఎవరో తెచ్చి పేర్చినట్టు నల్లటి బండరాళ్ల గుట్ట కనబడుతుంది. అదే నవనాథ సిద్ధేశ్వరుడి సిద్దుల గుట్ట. నా హైదరాబాద్ దోస్తులకు మాత్రం ఆర్మూర్ అంటే అంకాపూర్ నాటుకోడి కూర ఒక్కటే తెలుసు. పెర్కిట్ చౌరస్తా దాటితే ఇక మన ఊరు వచ్చినట్టే.

జనవరిలో ఆ తొవ్వలో పోతే రెండు దిక్కులా చూడాలి. జూన్‌లో పెట్టిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. ముందుగా వేసినవాళ్లు అప్పటికే ఆకు కోసేసి తవ్వకాలు మొదలుపెట్టారు. తవ్వింది ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పట్టాలి. కొమ్ము వేరు, మండ వేరు చెయ్యాలి. అప్పుడే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బండి కట్టాలి. ఉడికే పసుపు వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే, బస్సులో కళ్లు మూసుకున్నా ఇల్లు దగ్గరికొచ్చిందని తెలిసిపోతుంది.

ఇంటికి పోయి చెప్పులు విప్పకముందే అమ్మ కంప్యూటర్ పెట్టింది. డాంగిల్ లైటు మిణుకుతోంది. ఆకుపచ్చ.

“గిదే, పచ్చ లైటు” అన్నది అమ్మ.

నాకు మాట రాలేదు. అమ్మ చెప్పిన పచ్చ ఆకు పచ్చ. నేను విన్న పచ్చ పసుపు పచ్చ. తెలుగులో రెండు రంగులకూ ఒకే మాట సరిపోతుందని తెలిసి కూడా, ఏ పచ్చ అని ఒక్క ప్రశ్న అడగలేదు. మానిటర్‌ను నిద్రలేపమని మూడు వారాలు బాపుకు పాఠాలు చెప్పా.

“అంతకుముందు నీలం రంగు కొట్టేది” అన్నది అమ్మ మళ్లీ. “నువ్వు జర ఆగమ్మా, నేను చూస్తా” అన్నా. ఇది రెండో తప్పు. దాని సంగతి తర్వాత.

పండుగ మూడు రోజులు చుట్టాలు, ముగ్గులు, పతంగులతో గడిచాయి. సంక్రాంతి నాడు, జనవరి 14న, జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైందని టీవీలో వచ్చింది. ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో నిలిస్తే, అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. బోర్డు కావాలి, ధర కావాలి అని నామినేషన్లు వేసినోళ్లు. “మనం ఒర్రినంక గిన్నేండ్లకు ఇనబడ్డది” అన్నాడు బాపు. ధర సంగతి పంట అమ్మినప్పుడు చూద్దామని టీవీ బంద్ చేశాడు.

బుధవారం పొద్దున డాంగిల్ ముందు కూర్చున్నా. ఆఫీసులో ఎక్కడో ఉన్న సర్వర్ ఆగిపోతే ఒక వరస ప్రకారం చూస్తాం. దగ్గరిది ముందు, దూరంది తర్వాత. ఇంట్లోనూ అదే వరస పట్టా. మీ ఇంట్లో ఇట్లాంటి పాత డాంగిల్ ఉంటే మీకూ పనికొస్తుంది.

మొదటిది కరెంటు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల వరకు ఇస్తుంది. సిగ్నల్ కోసం గట్టిగా వెతికేటప్పుడు డాంగిల్ దాదాపు అంతా లాగుతుంది. క్యాబినెట్ ముందు భాగంలో ఉండే పోర్టులు సన్నటి వైరుతో లోపలి బోర్డుకు కలుస్తాయి. పాతబడితే అక్కడే కరెంటు తగ్గి డాంగిల్ ఆగి ఆగి పనిచేస్తుంది. తీసి వెనుక పోర్టుకు పెట్టా. లైటు అదే ఆకుపచ్చ.

రెండోది డాంగిల్ వేసే వేషం. దీన్ని పెట్టగానే కంప్యూటర్‌కు ఇది మోడెంలా కనబడదు, సీడీ డ్రైవ్‌లా కనబడుతుంది. తన సాఫ్ట్‌వేర్‌ను తన కడుపులోనే మోసుకొస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. సాఫ్ట్‌వేర్ ఎక్కాక వేషం మార్చి మోడెం అవుతుంది. విండోస్ అప్‌డేట్ అయినప్పుడు ఒక్కోసారి ఈ మార్పు జరగక, డాంగిల్ సీడీగానే మిగిలిపోతుంది. పాతది తీసేసి మళ్లీ ఎక్కించా. మోడెం బాగానే వచ్చింది. లైటు అదే ఆకుపచ్చ.

మూడోది సిమ్. రెండేళ్ల కింద పాత సిమ్ పాడైతే ఆర్మూర్‌లో మార్చింది. తీసి నా ఫోన్‌లో వేసుకున్నా. రీచార్జి ఉంది, 4జీ అని చూపించింది, నెట్ పరుగెత్తింది. అంటే సిమ్‌లో తప్పు లేదు, ఖాతాలో తప్పు లేదు. ఇక్కడే నాకు అర్థం కావాలి. కాలేదు.

నాలుగోది మోడెంతో నేరుగా మాట్లాడటం. ప్రతి మోడెంకూ ‘ఏటీ’ అనే రెండక్షరాలతో మొదలయ్యే పాత భాష ఒకటుంది. ‘ఏటీ’ అని కొడితే ‘ఓకే’ అంది. బతికే ఉంది. ‘ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ’ అని కొడితే సిగ్నల్ బలం చెబుతుంది. సున్నా నుంచి 31 దాకా కొలత, 99 అంటే తెలియదని. నాకు 18 వచ్చింది. దాన్ని రెండింతలు చేసి 113లోంచి తీసేస్తే మైనస్ 77 డీబీఎం. మంచి సిగ్నల్. సిగ్నల్ ఉంది, సిమ్ బాగుంది, మోడెం బతికుంది, అయినా వీడియో కాదు కదా, గూగుల్ పేజీ తెరుచుకోవడానికే నిమిషం పడుతోంది. ఖిల్లా గుట్ట అడ్డమేమో అనుకున్నా. మా ఊరికి ఆనుకునే గుట్ట, దాని మీద పాత కోట. 3జీకి వాడిన 2100 మెగాహెర్ట్‌జ్ తరంగాలు రాతిగోడలు, గుట్టలు దాటడంలో 900 వాటికన్నా బలహీనం. గుట్ట ఎక్కి చూద్దామని గురువారం సాయంత్రం ల్యాప్‌టాప్, డాంగిల్ సంచిలో వేసుకుని బయల్దేరా. “గుట్ట మీద ఆఫీసు పెడ్తున్నవా?” అని దారిలో ఒక పెద్దమ్మ నవ్వింది.

ఆ గుట్ట నాకు కొత్త కాదు. బడి ఎగ్గొట్టినప్పుడు అక్కడే దాక్కునేవాళ్లం. బండల నడుమ తొవ్వ, కూలినచోట కూలి నిలిచినచోట నిలిచిన గోడలు, పొదల్లో మేకలు. పైకెక్కితే ఊరు మొత్తం అరచేతిలో పెట్టుకున్నట్టు కనబడుతుంది. మిద్దెలు, నీళ్ల ట్యాంకు, వాటి మధ్య టవర్. ఒక దిక్కు బారులు తీరిన లారీలతో రహదారి. ఆ రోడ్డు వెంట కింద ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఉంది, తవ్వొద్దు అని రాసిన రాళ్లు పాతి ఉంటాయి. పెద్ద పెద్ద నగరాల మధ్య పోయే మాటలన్నీ మన ఊరి పక్క నుంచే పోతుంటాయి.

ఉత్తరాన గోదావరి, పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, 42 గేట్లు. అక్కడి నీళ్లు కాకతీయ కాలువ పట్టుకుని 284 కిలోమీటర్లు, కరీంనగర్, వరంగల్ దిక్కు పోతాయి. మా చేను మాత్రం బోరు మీదే బతుకుతుంది. పక్క నుంచి పోవడం వేరు, మన దాకా రావడం వేరు. నీళ్లకైనా అంతే, నెట్‌కైనా అంతే.

ఒక బండ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచా. ఎదురుగా టవర్ కనబడుతోంది. నడుమ అడ్డం ఏమీ లేదు. లైటు ఆకుపచ్చే. సిగ్నల్ అంకె ఇంకా పెరిగింది గానీ స్పీడు పెరగలేదు. అప్పుడు ఏ నెట్‌వర్క్ పట్టుకుందో అడిగే ఆదేశం కొట్టా. జవాబులో చివరి అంకె 2 ఉంటే 3జీ, 0 ఉంటే 2జీ. 0 వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లోకి పోయి ‘3జీ మాత్రమే’ అని పెట్టా. గీతలన్నీ పోయి ‘సర్వీస్ లేదు’ అని వచ్చింది. ఎదురుగా అంత పెద్ద టవర్ ఉండి సర్వీస్ లేదట.

ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని గోడ వెంట ఉత్తరం వైపు నడిచా. కొన దగ్గర డాంగిల్ రెండుసార్లు మిణికి, నీలం రంగులో వెలిగింది. ఒక్క గీత. అంకె 4, అంటే మైనస్ 105. ఎక్కడో దూరపు ఊళ్లో, ఇంకా మార్చని టవర్ ఒకటి దానికి దొరికింది. అర నిమిషం వెలిగి ఆరిపోయింది.

నీలం అంటే 3జీ, ఆకుపచ్చ అంటే 2జీ. అమ్మ మొదటిరోజే చెప్పింది, అంతకుముందు నీలం కొట్టేదని. ఆ ఒక్క మాటలో జబ్బు, కారణం రెండూ ఉన్నాయి. నేను పోర్టులు, సాఫ్ట్‌వేర్లు, సిమ్‌లు అన్నీ అనుమానించి, ఏళ్ల తరబడి ఆ లైటును రోజూ చూసిన మనిషి మాటను మాత్రం పట్టించుకోలేదు.

జరిగింది ఇది. మన దేశంలో 2010లో 3జీ తరంగాలకు వేలం జరిగింది. తర్వాత నాలుగైదేళ్లు ఇట్లాంటి తెల్ల డాంగిళ్లదే రాజ్యం. 2016 సెప్టెంబరు 5న జియో 4జీతో వచ్చాక లెక్క మారింది. కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి 3జీ ఆపేసి, ఆ తరంగాలనే 4జీకి మళ్లించడం మొదలుపెట్టాయి. 2జీని మాత్రం చాలాచోట్ల ఉంచారు, బాపు లాంటివాళ్ల బటన్ ఫోన్లు ఇంకా కోట్లలో ఉన్నాయి కాబట్టి. మా టవర్ మీద కూడా ఆ చలికాలంలోనే 3జీ దిగి 4జీ ఎక్కింది. మా డాంగిల్‌కు 2జీ, 3జీ తప్ప వేరే భాష రాదు. అందుకే కిందికి దిగి 2జీ పట్టుకుని వేలాడుతోంది. 2జీ మీద మాట పోతుంది, మొకం పోదు. వస్తువు చెడిపోలేదు, సిగ్నల్ పోలేదు. వాళ్లిద్దరి మధ్య భాష మారింది. ఇంటికొచ్చి ఎవరూ చెప్పలేదు.

కారణం తెలిశాక మందు తేలికే. నా సంచిలో ఒక పాత 4జీ ఫోన్ ఉంది. డాంగిల్‌లోని సిమ్ దాంట్లో వేసి, చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కా. కంప్యూటర్ దాన్ని నెట్ వైరు అనుకుని పట్టుకుంది. ఐదు నిమిషాల పని. 4జీ డాంగిల్ కొన్నా ఇదే పని జరుగుతుంది, కానీ ఫోన్ అయితే చార్జింగ్ కూడా అక్కడే అవుతుంది.

శుక్రవారం మూడున్నరకు అమ్మ కుర్చీలో కూర్చుంది. అన్న వచ్చాడు. బొమ్మ అంత స్పష్టంగా మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. మొకం బాగానే ఉంది, నవ్వుతున్నాడు, పండుగకు ఏం వండినవే అని అడిగాడు. అమ్మ జవాబు చెప్పలేదు. తెర దగ్గరికి వంగి చూసింది.

“ఎడమ చెయ్యి ఏది?”

“ఇక్కడనే ఉందమ్మా.”

“సూపెట్టు.”

అన్న కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత చెయ్యి పైకెత్తాడు. రెండు వేళ్లకు కట్టు. ఇనుప రేకు తగిలిందట, డిసెంబరులోనే. కుట్లు విప్పేశారట, వేళ్లు కదులుతున్నాయట. కదిలించి చూపించాడు. ఒకసారి కాదు, అమ్మ అడిగినన్నిసార్లు. మూడు శుక్రవారాలు కెమెరా లేకపోవడం వాడికి కలిసొచ్చింది. దాని వెనుక నా చెయ్యి కూడా ఉందని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

అమ్మ ఏడవలేదు. పసుపు కలిపిన పాలు తాగమని చెప్పింది. “గక్కడ మంచి పసుపు దొరుకదు, ఎవలన్న అచ్చేటోళ్లు ఉంటె మనది పంపిస్త” అన్నది. బాపు వెనుక నిలబడి, బోర్డు వచ్చిందిర అని వార్త చెప్పాడు.

ఆ ఏడాదే ఇంకో రెండు దిగిపోయాయి. మే 5న స్కైప్ బంద్ అయింది. అక్టోబరు 14న మా కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగింది. ఈసారి నేను ముందే పోయి వేరే యాప్ ఎక్కించి, ఒక శుక్రవారం దగ్గరుండి మాట్లాడించి వచ్చా. తెల్ల డాంగిల్‌ను పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. అన్న పాత పాస్‌పోర్టు ఉన్న డబ్బాలో పెట్టింది.

ఇప్పుడు ఇంటి నుంచి ఫోన్ వస్తే కంప్యూటర్ గురించి నేను చెప్పే మొదటి మాట మారింది. అది ఒత్తు, ఇది ఒత్తు అనడం లేదు. “ఏ రంగు అమ్మా? ఆకు పచ్చనా, పసుపు పచ్చనా? అంతకుముందు ఎట్లుండేది?” అని అడుగుతున్నా. అమ్మ చెప్పేదాకా ఆగుతున్నా.